ముందు దండెం చూడండి, గుడ్డ సంగతి తర్వాత

(విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారమండి. ఆదివారం సాయంత్రం ఇంటిపనులు పక్కనపెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వచ్చేటప్పుడు మీ వంటింట్లో వాడే గుడ్డ ఒకటి తెచ్చుకోమని కమిటీవారి చేత చెప్పించాను. తెచ్చారు కదా? ఒళ్లోనే ఉంచుకోండి, చివర్లో దానితో పనుంది.

వంటింట్లో చెత్త తగ్గించుకోవాలని మీరంతా అనుకున్నారు. టిష్యూ రోలు మానేద్దాం, స్పాంజీలు మానేద్దాం, ఉతికి వాడుకునే గుడ్డలు కొందాం, ఏవి కొనాలో చెప్పండి అని నన్ను పిలిచారు. నేను 26 ఏళ్లు ఆడపిల్లల కాలేజీలో హోమ్ సైన్స్ చెప్పాను. నూలు, పట్టు, ఉన్ని, పాలిస్టర్, వీటి గుణాలు చెప్పడమే నా పని. కానీ వంటింటి గుడ్డ గురించి నాకు అసలు పాఠం చెప్పింది మా అత్తయ్యగారు. ముందు ఆ సంగతి చెబుతాను.

మేం ఈ ఊరు వచ్చి ఫ్లాట్‌లో దిగిన మొదటి వానాకాలం. చుట్టాలొచ్చారు. గాజుగ్లాసుల్లో మంచినీళ్లు ఇచ్చాను. మొహమాటానికి ఏమీ అనలేదు గానీ, ఒక్క గుక్క తాగి గ్లాసులు పక్కన పెట్టేశారు. వాళ్లు వెళ్లాక అత్తయ్యగారు ఒక గ్లాసు తీసి వాసన చూసి, "నీచు కొడుతోందే అమ్మాయ్" అన్నారు. ఆ వారంలో మా ఇంట్లో కోడిగుడ్డయినా పగలగొట్టలేదు. మరి నీచెక్కణ్ణుంచి వచ్చింది? సబ్బు మార్చాను. పీచు మార్చాను. నిమ్మచెక్కతో తోమాను. తోమి కడిగినప్పుడు ఏ వాసనా ఉండేది కాదు. తుడిచి బోర్లించాక మళ్లీ అదే. మూడోనాడు అత్తయ్యగారు ఫ్రిజ్ తలుపుకి వేలాడుతున్న టర్కీ టవల్ తీసి, ఏమీ మాట్లాడకుండా నా ముక్కు దగ్గర పెట్టారు. గ్లాసుల నీచంతా అందులో ఉంది.

ఆ టవల్ మెత్తగా, మందంగా, చూడముచ్చటగా ఉండేది. ఖరీదు పెట్టే కొన్నాను. అత్తయ్యగారి ఊళ్లో అయితే పెరట్లో దండెం మీద వేస్తే గంటలో ఫెళఫెళలాడేది. ఇక్కడ మూడు మడతలు పెట్టి ఫ్రిజ్‌కి తగిలిస్తే, ఆగస్టు ముసురులో, లోపలి మడత రెండు రోజులైనా తడిగానే ఉండేది.

ఆరని బట్టకు వచ్చే ఈ వాసన మీద జపాన్ శాస్త్రవేత్తలు పరిశోధన చేసి 2012లో ప్రచురించారు. మోరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బాక్టీరియా తడిబట్టలో పెరిగి ఒక ఆమ్లాన్ని తయారుచేస్తుంది, ఆ ముక్క వాసనకు మూలం అదే అని తేల్చారు. ఆ పరిశోధనలోనే ఇంకో మాట ఉంది. మిగతా బాక్టీరియాతో పోలిస్తే ఇది ఆరిపోవడాన్ని, ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని కూడా బాగా తట్టుకుంటుందట. కాబట్టి ఎండలో వేస్తే అంతా చచ్చిపోతుందని నేను చెప్పను. కానీ తడి లేనిదే అది పెరగలేదు. ఆరిన గుడ్డలో అది ఉన్నచోటే ఉంటుంది, తడిగుడ్డలో పూటపూటకీ పెరుగుతుంది.

స్పాంజీ సంగతి ఇంకా కష్టం. 2017లో జర్మనీలో, ఇళ్లలో వాడిన 14 స్పాంజీలు తెచ్చి పరీక్షించారు. కొన్నిచోట్ల ఒక ఘన సెంటీమీటరులో 5,400 కోట్ల దాకా బాక్టీరియా కనిపించాయి. అందులోనూ ఈ మోరాక్సెల్లా ఉంది. మేం స్పాంజీని రోజూ శుభ్రం చేసుకుంటాం అని చెప్పినవాళ్ల స్పాంజీల్లో కూడా ఆ సంఖ్యేమీ తగ్గలేదు. అన్నీ ప్రమాదకరమైన క్రిములని కాదు, భయపడొద్దు. స్పాంజీకి లోపలంతా గూళ్లే, అక్కడికి గాలీ వేడీ సరిగ్గా చేరవు, అంతే. పలుచటి గుడ్డకు "లోపల" అంటూ ఏమీ ఉండదు. విప్పి ఆరేస్తే రెండు వైపులా గాలే.

అందుకే ఏ గుడ్డ కొనాలి అని అడిగినవాళ్లని నేను తిరిగి ఒకటి అడుగుతాను: మీ ఇంట్లో గుడ్డ ఎక్కడ ఆరుతుంది? తూర్పు బాల్కనీయా, పడమరా? ఎండ ఎన్నింటికి వస్తుంది, ఎంతసేపు ఉంటుంది? పనిగట్టుకుని బాల్కనీ దాకా వెళ్లే ఓపిక రాత్రి పదింటికి ఉంటుందా? మా ఫ్లాట్‌లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, నాలుగడుగుల మేర, అంతే ఎండ. ఆ నాలుగడుగుల్లో రెండు గంటల్లో ఆరని గుడ్డ మా ఇంటికి పనికిరాదు. ఎంత మంచిదైనా సరే.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చేద్దాం. ముందు వరసలో ఉన్నవాళ్లు కాస్త బల్ల దగ్గరికి రండి, చూసి వెనకవాళ్లకు చెప్పండి. ఇదిగో గ్లాసుతో నీళ్లు, మందుల సీసాలో వచ్చే డ్రాపరు, మూడు గుడ్డలు.

ఒకటోది మొన్ననే కొన్న కొత్త కిచెన్ టవల్. నూటికి నూరు పాళ్లు నూలు. చుక్క వేశాను. చూడండి, తామరాకు మీద నీటిబొట్టులా నిలబడింది. లెక్కపెట్టండి... ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఇంకా నిలబడే ఉంది.

రెండోది మా అమ్మ కట్టిన మంగళగిరి చీర ముక్క. ముప్ఫయ్యేళ్లు ఉతికిన బట్ట. చుక్క వేస్తున్నాను. చూశారా? పడ్డచోటే మాయమైపోయింది.

మూడోది "కాటన్ ఫీల్" అని రాసి అమ్మిన గుడ్డ. చుక్క నిలబడింది. వేలితో నెడితే పక్కకి జరుగుతోంది గానీ లోపలికి పోవడం లేదు.

ఒకటోది నూలే కదా, ఎందుకు పీల్చలేదు? పత్తిపోగు మీద పుట్టుకతోనే మైనంలాంటి పొర ఒకటి ఉంటుంది. దానికి తోడు మగ్గం మీద పోగు తెగకుండా పడుగుకి, అంటే నిలువు పోగులకి, గంజి పెడతారు. షాపులో బిగువుగా, ముట్టుకుంటే బాగుండేది ఆ గంజే. మన చేనేతవాళ్లు బియ్యపు గంజి వాడతారు, మిల్లులవాళ్లు వేరే పదార్థాలు కూడా కలుపుతారు. ఏదైనా సరే రెండు మూడు ఉతుకులు పడాలి, ఒకసారి మరగబెట్టాలి, అప్పుడు గాని కొత్త నూలుగుడ్డ పనిలోకి రాదు. "కొత్త గుడ్డలు కొన్నామండీ, నీళ్లు పీల్చడం లేదు" అని వాటిని మూలన పడేసినవాళ్లు నాకు తెలుసు. పాపం ఆ గుడ్డలు బాగానే ఉన్నాయి, వాటిని ఉడకబెట్టలేదంతే.

మూడోది మాత్రం పాలిస్టర్, ఎన్ని ఉతుకులు ఉతికినా అంతే. మామూలు గాలిలో ఉంచిన నూలు తన బరువులో దాదాపు 8.5 శాతం తేమ తనలోనే పట్టుకుంటుంది. పాలిస్టర్ పట్టుకునేది 0.4 శాతం. నీళ్లంటే దానికి చుట్టరికం లేదు. ఇంకో గుణం కూడా గుర్తుపెట్టుకోండి: నూలుపోగు తడిస్తే మరింత గట్టిపడుతుంది. అందుకే చాకిరేవులో బండకేసి బాదినా మన పంచెలు, చీరలు అన్నేళ్లు మన్నాయి. తడిపి, పిండి, రుద్ది, మళ్లీ తడిపే పనికి ఇది చాలా తగిన పోగు.

పాలిస్టర్ కలిసిన గుడ్డతో నాకు జరిగింది కూడా చెప్పాలి. ఒక షాపులో ఆరు గుడ్డల సెట్టు కొన్నాను, గళ్లతో బాగున్నాయి. చీటీ మీద "కాటన్ రిచ్" అని ఉంది. ఎంత కాటనో చూడలేదు. పోపు వేసిన మూకుడు దించుదామని ఆ గుడ్డ మడిచి చెవి పట్టుకున్నాను. చెయ్యి చుర్రుమంది. వదిలేసేసరికి గుడ్డ మూకుడు చెవికి అంటుకుని సాగింది, నా బొటనవేలికి కూడా అంటుకుంది. నూలు మాడితే బూడిదవుతుంది. పాలిస్టర్ కరుగుతుంది, కరిగి చర్మానికి పట్టుకుంటుంది. ఆ మచ్చ ఇదిగో, ఇప్పటికీ ఉంది. దయచేసి వేడిగిన్నె పట్టుకునే గుడ్డ విషయంలో మాత్రం రాజీ పడకండి. అది పూర్తి నూలే అయి ఉండాలి. కుట్టుదారం కూడా చూసుకోండి, ఈ రోజుల్లో టైలరు దగ్గరుండే దారం చాలావరకు పాలిస్టరే.

మన వంటింటి గుడ్డలన్నిటికీ పెద్ద మసిగుడ్డే. కట్టెలపొయ్యి పోయి గ్యాసు వచ్చింది, గిన్నెకి మసి అంటడం పోయింది, పేరు మాత్రం నిలిచింది. దానికి కావలసింది మందం. తడి పీల్చే పని దానిది కాదు. తడి మసిగుడ్డతో వేడిగిన్నె పట్టుకుంటే ఆవిరి చేతికి కొడుతుంది, పొడిగుడ్డ కన్నా చాలా త్వరగా వేడి లోపలికి వస్తుంది. కాబట్టి మసిగుడ్డతో గట్టు తుడవకూడదు, గట్టు తుడిచే గుడ్డతో గిన్నె దించకూడదు. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి, రెండు పొరలు వేసి కుట్టుకుంటే మంచి మసిగుడ్డ అవుతుంది, కాకపోతే సాగే జీన్స్ వద్దు, అందులో వేరే పోగులు కలిసి ఉంటాయి. పాత జంపఖానా ముక్క ఇంకా బాగుంటుంది.

ఇక మార్కెట్లో కనిపించే మిగతా రకాలు. "వెదురు గుడ్డ" అని రోలు అమ్ముతున్నారు, చింపి, ఉతికి, మళ్లీ వాడుకోమని. పేరు వినగానే వెదురుపొదలు కళ్లముందు కదులుతాయి. కానీ మెత్తటి వెదురుబట్ట అన్నది దాదాపు ఎప్పుడూ వైస్కోసే. వెదురు గుజ్జును గాఢమైన రసాయనాల్లో కరిగించి దారంగా తీస్తారు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009 నుంచి ఈ పేరు మీద చర్యలు తీసుకుంటోంది. 2022లో రెండు పెద్ద దుకాణ సంస్థల దగ్గర కలిపి 55 లక్షల డాలర్ల జరిమానా రాబట్టింది, వైస్కోస్‌ని వెదురు అని అమ్మినందుకు. వైస్కోస్ నీళ్లు బాగా పీల్చుతుంది, కాదనను. కానీ తడిస్తే దాని బలం సగానికి పడిపోతుంది. నూలుకి సరిగ్గా ఎదురు. గట్టిగా పిండే పనికి అది ఎంతకాలం నిలుస్తుందో మీరే ఆలోచించండి.

స్పాంజీ గుడ్డ అని ఇంకోటి ఉంది, ఎండితే అట్టలా, తడిస్తే మెత్తగా ఉంటుంది. 1949లో స్వీడన్‌లో కర్ట్ లిండ్‌క్విస్ట్ అనే ఇంజినీరు తయారుచేశాడు. మామూలుగా 70 శాతం చెట్ల గుజ్జు, 30 శాతం నూలు. ఇది మంచి వస్తువే. నీళ్లు ఒలికితే ఒక్క తుడుపులో లాగేస్తుంది, త్వరగా ఆరుతుంది. నా అభ్యంతరం ఒక్కటే, పాత పంచెముక్క ఇంట్లో ఉండగా ఇది కొనడం ఎందుకు? ఇంట్లో పాత నూలుబట్టే లేనివాళ్లు, హాస్టల్ పిల్లలు, విదేశాల్లో కాపురం పెట్టిన మన పిల్లలు నిరభ్యంతరంగా కొనుక్కోవచ్చు.

మైక్రోఫైబర్ గురించి చాలామంది అడుగుతారు. అది పాలిస్టర్, నైలాన్ కలిపి, వెంట్రుక కన్నా ఎంతో సన్నగా చీల్చిన పోగు. దుమ్ము, వేలిముద్రలు, కిటికీ అద్దాలు, టీవీ, వీటికి చక్కగా పనిచేస్తుంది. కానీ ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు రాలుతాయి. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో ఒక్క బట్ట ఒక్క ఉతుకులో 1,900కి పైగా పోగులు రాల్చగలదని తేలింది. అవి మురుగులోంచి కాలవలోకి, కాలవలోంచి కృష్ణలోకి పోతాయి. ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే పారేయకండి, అద్దాలకి ఉంచుకోండి. అన్నం తినే పళ్లెం తుడవడానికి, పొయ్యి దగ్గర వాడటానికి వద్దు.

ఇప్పుడు అసలు విషయం. నూలు మంచిదని చెప్పాను కదా అని రేపే వెళ్లి డజను కొత్త టవళ్లు కొనకండి. నూలుకి కూడా ఖరీదుంది, అది బిల్లులో కనపడదు. ప్రపంచ సగటు మీద ఒక కిలో నూలుబట్ట తయారుకావడానికి, వాన నీళ్లూ కాలవ నీళ్లూ అన్నీ కలిపి, సుమారు 10,000 లీటర్లు అవుతాయి. అరమీటరు పొడవు, అరమీటరు వెడల్పు ఉన్న మామూలు గుడ్డ 50 గ్రాములు తూగుతుంది. అంటే 500 లీటర్లు. డజనుకి 6,000. మన అపార్ట్‌మెంట్‌కి వేసవిలో వచ్చే ట్యాంకరు గుర్తుకు తెచ్చుకోండి, అందులో 6,000 లీటర్లు ఎంతో మీకే తెలుసు. ఆ నీళ్లు ఏ ఆదిలాబాద్‌లోనో, గుంటూరులోనో, నల్లరేగడి చేలో ఒక రైతు పత్తికి వెళ్లిన నీళ్లు. టిష్యూ రోలు మానేశామన్న తృప్తితో ఆ డజనూ కొని, అందులో ఎనిమిది డ్రాయరులో పడి ఉంటే మనం తగ్గించిందేముంది?

మరి ఎక్కణ్ణుంచి తేవాలి? బీరువాలోంచి. చినిగిన నేతచీర ఒకటి తీయండి. అయిదున్నర మీటర్ల పొడవు, మీటరు పైన పన్నా. అరమీటరు చొప్పున చదరంగా కోస్తే 22 ముక్కలు. కోసే ముందు అంచు చూసుకోండి. జరీ ఉంటే విడగొట్టేయండి, ఆ తీగ గిన్నెల మీద గీతలు పడేస్తుంది. జరీ లేని చీర అయితే అంచు వైపు అలాగే వదిలేయండి, అది నేతలోనే బిగిసి ఉంటుంది కాబట్టి పోగులు ఊడవు, ఆ మేరకు కుట్టుపని తగ్గుతుంది. మా అమ్మ మంగళగిరి చీర నేను కోసింది ఆవిడ పోయిన రెండేళ్లకి. కొంగు మడత మీద చినిగిపోయి ఉంది, దాచుకుంటే చీడ పట్టేది. కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు మొదట. కొంగు మాత్రం ఉంచుకుని మిగతాది కోశాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఇడ్లీపాత్రలో తడిపి పరిచేది ఆ ముక్కే. ఆవిడ చెయ్యి పక్కనే ఉన్నట్టు ఉంటుంది.

ఏ బట్ట ఏ పనికో చెబుతాను. పలుచటి మల్లు పంచె, ఎనభై నంబరు సన్ననూలు చీర, ఇవి ఇడ్లీకి, ఆవిరి కుడుముకి, పెరుగు వడగట్టడానికి, కొత్తిమీర చుట్టి ఫ్రిజ్‌లో పెట్టడానికి. వీటికి రంగు లేని తెల్లబట్టే వాడండి, రంగు దిగే బట్ట తిండికి తగలకూడదు. కొంచెం ముతకగా ఉండే తువ్వాలు, లుంగీ, పాత దుప్పటి గిన్నెలు తుడవడానికి, గట్టు తుడవడానికి. చేతులు తుడుచుకోవడానికి వేరే తువ్వాలు. చేపలు, మాంసం కడిగినచోటు తుడిచే గుడ్డ ఇంకోటి, దాని రంగే వేరుగా ఉండాలి, తుడిచిన వెంటనే మరిగే నీళ్లలోకి పోవాలి. నేలగుడ్డ ఎట్టి పరిస్థితుల్లోనూ గట్టెక్కకూడదు. గట్టుగుడ్డ ముసలిదై నేలగుడ్డ కావచ్చు గానీ, నేలగుడ్డ తిరిగి పైకి రాకూడదు.

టర్కీ టవల్ పనికిరాదా అని అడుగుతారు. మేడ మీద ఎండ దండిగా ఉన్నవాళ్లకి పనికొస్తుంది. దాని ఉంగరాల పోగులు నీళ్లు ఎక్కువ పట్టుకుంటాయి, అందుకే ఆలస్యంగా ఆరుతుంది. ఇంకో సంగతి. మనలో చాలామంది ఇళ్లలో గిన్నెలు తోమేది, గుడ్డలు ఉతికేది మనం కాదు, పనికి వచ్చే ఆవిడ. మా ఇంటికి వచ్చే లక్ష్మిగారు ఒకరోజు అన్నారు, "అమ్మా, ఈ మందపు టవళ్లు రోజూ నాలుగిళ్లల్లో పిండుతున్నా, రాత్రికి మణికట్టు లాగేస్తోంది" అని. నాకు ఆ రోజు దాకా తోచలేదు. 26 ఏళ్లు బట్టల గుణాలు చెప్పినదాన్ని, గుడ్డను పిండే చెయ్యి ఎంత నొప్పి పడుతుందో ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. పలుచటి గుడ్డ ఆవిడకి కూడా మేలు. మీ ఇంట్లో గుడ్డలు మార్చే ముందు పనిచేసే ఆవిడని ఒక్క మాట అడగండి.

ఉతకడం గురించి క్లుప్తంగా. రోజుకి రెండు గుడ్డలు, రాత్రి సబ్బునీళ్లలో జాడించి, పిండి, పూర్తిగా విప్పి ఆరేయాలి. ముద్దగా సింకు అంచున పడేయకూడదు. వారానికోసారి పాత గిన్నెలో, అల్యూమినియంది కాకుండా, ఒక చెంచా చాకలి సోడా వేసి పది నిమిషాలు మరగబెట్టండి. మన చాకళ్లు బానలో ఉడకబెట్టింది ఇందుకే, సోడా జిడ్డును విడగొడుతుంది, మరుగు క్రిముల్ని చంపుతుంది. బట్టలు మెత్తబడటానికి వేసే సువాసనల కండిషనర్లు వంటింటి గుడ్డకి వద్దు. అవి పోగు మీద పొరలా పట్టి, పీల్చే గుణాన్ని చంపేస్తాయి. వెనిగర్, వంటసోడా కలిపి పోయమని వీడియోల్లో చెబుతారు, బుసబుస పొంగుతుంది, కానీ రెండూ ఒకదాన్నొకటి హరించుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. విడివిడిగా వాడితే ప్రయోజనం.

పసుపు మరక చూసి గుడ్డ పాడైపోయిందని పారేసేవాళ్లున్నారు. ఆగండి. పసుపు మరకకి సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, గమనించారా? పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే ఇదీ. అది మురికి కాదు, రంగు. ఆ రంగు వెలుతురుకి ఆగదు. తడిగా ఉన్నప్పుడే ఎండలో పరిచేయండి, రెండు మూడు ఎండలకి దానంతట అదే వెలిసిపోతుంది. బ్లీచింగ్ పోసి పోగు చంపుకోవద్దు.

(సభలోంచి: గారెలు, పూరీలు నూనె పీల్చడానికి టిష్యూ లేకపోతే ఎలాగండీ?)

మంచి ప్రశ్న. గుడ్డ మీద వేయకండి, ఆ నూనె గుడ్డకి వదలదు. న్యూస్‌పేపరు అసలే వద్దు, సిరా తిండిలోకి దిగుతుందని ఆహార భద్రతా సంస్థ 2016లోనూ, మళ్లీ 2023లోనూ హెచ్చరించింది. చిల్లుల గరిటెతో తీసి, మూకుడు మీదే అర నిమిషం పట్టుకోండి. తర్వాత చిల్లుల గిన్నెలో, కింద ఇంకో గిన్నె పెట్టి, నిలబెట్టినట్టు పేర్చండి, పరిచినట్టు కాదు. కారిన నూనె తాలింపుకి పనికొస్తుంది.

(సభలోంచి: ఎన్ని గుడ్డలు ఉంచుకోవాలి?)

మీ దండెం లెక్కే. ఒక్కరోజులో ఆరితే ఎనిమిది చాలు. వానాకాలంలో మూడు రోజులు పట్టే ఇల్లయితే పద్నాలుగు, పదిహేను. అంతకు మించి ఎందుకూ? చిరిగిన గుడ్డ ఏం చేయాలని కూడా కొందరు అడిగారు. పూర్తి నూలయితే పాలిస్టర్ కుట్టు విప్పేసి, అరచేయంత ముక్కలు కోసి కంపోస్టులో కలపండి, కొన్ని నెలల్లో మట్టయిపోతుంది. నూనె, ఫినాయిలు బాగా పట్టినవి వద్దు. పాలిస్టర్ కలిసింది పొడిచెత్తలోకే.

మరి ఏది పూర్తి నూలో ఎలా తెలుసుకోవాలి? అందుకే మిమ్మల్ని గుడ్డ తెచ్చుకోమన్నాను. బల్ల మీద డ్రాపరు ఉంది, ముందు ఒక చుక్క వేసి చూసుకోండి. తర్వాత మీ గుడ్డ అంచు నుంచి ఒక్క పోగు లాగండి. పడుగు నుంచి ఒకటి, పేక నుంచి, అంటే అడ్డం పోగుల నుంచి, ఒకటి లాగండి, రెండూ వేర్వేరు ఉండొచ్చు. బయట మెట్ల దగ్గర, గాలి తగలని చోట దీపం, పక్కనే బకెట్‌తో నీళ్లు పెట్టించాను. పోగును పట్టకారుతో పట్టుకుని దీపం దగ్గరికి తీసుకెళ్లండి. కాగితం కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే మెత్తటి బూడిద అయితే నూలో వైస్కోసో. ముడుచుకుని, కరిగి, చివర గట్టి పూసలా మిగిలితే అందులో పాలిస్టరో నైలానో ఉన్నట్టు. పూస చల్లారేదాకా ముట్టుకోకండి. పిల్లల్ని దూరంగా ఉంచి, వరసగా రండి. నేను దీపం దగ్గరే ఉంటాను.